గంటస్తంభం దగ్గర వాన వెలిసిన సాయంత్రం: నీటిరంగుల్లో ఆ వాతావరణం ఎలా తేవాలి?

తోటపాలెం_రవళి | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. విజయనగరం గంటస్తంభం దగ్గర వాన వెలిసిన వెంటనే కనిపించే వీధిని నీటిరంగుల్లో వేద్దామనుకుంటున్నాను. ఫోటో నా దగ్గరుంది, రోడ్డు పక్కన నిలబడి తీసిందే. తడి రోడ్డు, ఆటోలు, గొడుగులు, వెనకాల స్తంభం, బట్టల కొట్లలో అప్పుడే వేసిన లైట్లు. పెన్సిల్ గీత బాగానే వస్తోంది. రంగు వేశాక ఆటో ఆటోగా, గొడుగు గొడుగుగా కనిపిస్తున్నాయి గానీ, వాన కురిసిందన్న సంగతే తెలియడం లేదు. ఎండాకాలం మధ్యాహ్నం అన్నా నమ్మేస్తారు.

పేపర్ 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 300 గ్రాములు), సెల్యులోజ్, అంటే కలప గుజ్జుది. ట్యూబు రంగులు, పన్నెండు షేడ్ల సెట్. ఫోటో, నేను వేసినది రెండూ కింద పెట్టాను. మొహమాటం లేకుండా చెప్పండి.

వాష్_ప్రియుడు | శనివారం, రాత్రి 9:31

ముందు పేపర్ మార్చండి. తడి కాగితం మీద తడి రంగు వేయాలంటే 100 శాతం కాటన్ ఉండాల్సిందే. సెల్యులోజ్ నీటిని లోపలికి తీసుకోదు, రంగు పైపైనే తిరుగుతూ ఒకచోట ముందు, ఒకచోట వెనక ఆరిపోతుంది. రెండో పొర వేస్తే కింది పొర లేచి వస్తుంది. మీ ఆకాశంలో చారలు అందుకే.

పాత_డ్రాయింగ్_మాస్టారు | శనివారం, రాత్రి 10:05

పేపర్ సంగతి తర్వాత చూద్దాం. ఈ బొమ్మలో లోటు పేపర్ వల్ల వచ్చింది కాదు.

అమ్మా రవళీ, నీ ఫోటోని కళ్ళు సగం మూసి చూడు. ఏం మిగులుతుంది? పైన వెలుతురున్న ఆకాశం, కింద వెలుతురున్న రోడ్డు, మధ్యలో ఎడమ నుంచి కుడి దాకా పాకిన ఒకే ఒక నల్లని పట్టీ. కొట్లు, జనం, ఆటోలు అన్నీ ఆ పట్టీలోనే కలిసిపోయి ఉన్నాయి. నీ బొమ్మలో ఆ పట్టీ లేదు. దేని చుట్టూ దానికి గీత ఉంది, దేనికి దానికి సొంత రంగు ఉంది. వస్తువులన్నీ వచ్చాయి, వాటి మీద పడిన వెలుతురు రాలేదు. వాన సాయంత్రం అంటే ఆ వెలుతురే కదా.

ఇంకొకటి. మన గంటస్తంభం ఎనిమిది పలకలది. 1885లో కట్టారు, 68 అడుగుల ఎత్తు. ఎటు నిలబడి చూసినా మూడు నాలుగు పలకలు కంటికి కనిపిస్తాయి. ఎండ వేళ ఒక పలక బాగా వెలుగుతుంది, పక్కది కాస్త తగ్గుతుంది, అవతలిది నీడలో ఉంటుంది. మబ్బు పట్టినప్పుడు వెలుతురు ఆకాశం మొత్తం నుంచి వస్తుంది కాబట్టి పలకల మధ్య తేడా దాదాపు పోతుంది. నువ్వు ఒక పలక తెల్లగా, ఒక పలక ముదురుగా వేశావు. చూసేవాడు ఎండ అనుకోక ఏం చేస్తాడు! వాష్ అంటే పలచని రంగు నీటిని విశాలంగా పరచడం కదా, మొత్తం స్తంభాన్ని ఒకే వాష్‌లో వేసెయ్. ఆరాక ఒక పక్కన పలచగా ఇంకో పొర చాలు.

స్తంభం మీది ఎరుపు కూడా అంతే. ఎరుపని మనకి తెలుసు కదా అని ట్యూబులో ఎరుపు తీసి పెట్టేస్తాం. తడి గాలిలో, అంత దూరంలో ఆ ఎరుపు సగం చచ్చిపోతుంది. అందులో కొంచెం అల్ట్రామెరీన్ నీలం కలుపు.

రంగు ముట్టుకోకముందు అరచేతి సైజు కాగితం మీద మూడే ఛాయల్లో పెన్సిల్‌తో ఈ వీధిని వేసి ఇక్కడ పెట్టు. వెలుతురు, మధ్య ఛాయ, చీకటి. అంతే.

చోడంబలి | శనివారం, రాత్రి 10:18

మాస్టారు వచ్చేశారు, ఇంక నిద్రపోయినట్టే 😀 అందరం నోటుబుక్కులు తియ్యండి.

తోటపాలెం_రవళి | శనివారం, రాత్రి 10:40

మాస్టారూ, పలకల సంగతి అసలు తట్టలేదు. రేపు చిన్న స్కెచ్ పెడతాను. ఈలోగా ఒక సందేహం. తడి రోడ్డుకి ఏ రంగు వేయాలి? తారు నలుపే కదా, మరి ఫోటోలో దూరంగా ఉన్న రోడ్డు తెల్లగా మెరుస్తోంది.

నాగావళిగట్టు | ఆదివారం, ఉదయం 6:50

ఇది నా సబ్జెక్టు, నేను చెబుతాను. కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి, బొమ్మలు సరదాకి.

తడి రోడ్డు సగం అద్దం. ఆ అద్దం ఎంత పనిచేస్తుందన్నది మీరు చూసే కోణాన్ని బట్టి ఉంటుంది. కాళ్ళ దగ్గరి రోడ్డుని మీరు పైనుంచి కిందికి చూస్తారు. అక్కడ వెలుతురు చాలా వరకు నీటి పొరలోకి దిగిపోతుంది, తారు నలుపే కనిపిస్తుంది. దూరంగా ఉన్న రోడ్డుని దాదాపు పడుకోబెట్టినంత ఏటవాలుగా చూస్తారు. అక్కడ నీటి మీద పడిన వెలుతురులో ఎక్కువ భాగం తిరిగి కంటికే వస్తుంది. కాబట్టి దూరం రోడ్డు ఆకాశం రంగులో, దగ్గర రోడ్డు ముదురుగా ఉంటుంది. మీ బొమ్మలో రోడ్డంతా ఒకే బూడిద రంగు. పై నుంచి కిందికి వాష్ దించుతూ ముదురు చేసుకుంటూ రండి, సగం పని అక్కడే అయిపోతుంది.

రెండోది, ప్రతిబింబాలు. నీడ వెలుతురుని బట్టి ఎటైనా పడుతుంది. ప్రతిబింబం మాత్రం ఎప్పుడూ నిట్టనిలువుగా కిందికే, అంటే చూసేవాడి వైపే దిగుతుంది. మీరు ఆటో ప్రతిబింబాన్ని కుడి పక్కకి వాల్చారు, అది నీడ అయిపోయింది. మబ్బులో నీడలు ఎలాగూ ఉండవు, ఆటో కింద చిన్న ముదురు గీత తప్ప. ఇంకో మాట: ముదురు వస్తువు ప్రతిబింబం అసలు కంటే కాస్త లేతగా, వెలుతురు వస్తువుది కాస్త ముదురుగా ఉంటుంది. దీపాలవి మాత్రం పొడుగ్గా సాగుతాయి, ఎందుకంటే రోడ్డు గరుకుగా ఉంటుంది, ఎక్కడికక్కడ చిన్న చిన్న వాలులు వెలుతురుని కంటికి పంపిస్తుంటాయి.

బొబ్బిలి_వీణ | ఆదివారం, ఉదయం 8:22

నాగావళి గారూ, మీ క్లాసులో కూర్చుని ఉంటే నేను ఫిజిక్స్ మానేసేదాన్ని కాదు.

రవళీ, నేను చేతిలో కుంచె ఉన్నప్పటి సంగతి చెప్తాను. ఈ వానాకాలం మన వైపు గాలిలో చెమ్మ బాగా ఉంటుంది. పేపర్ త్వరగా ఆరదు. యూట్యూబులో ఎవరో చల్లని పొడి దేశంలో కూర్చుని "రెండు నిమిషాలు ఆగండి" అంటారు. ఇక్కడ ఆ లెక్క పనికిరాదు. గడియారం వద్దు, కాగితాన్ని చూడాలి. కిటికీ వైపు వంచి చూస్తే మొదట నీళ్ళు నిలిచి గాజు మెరుపు ఉంటుంది. అప్పుడు రంగు వేస్తే ఎటు పోతుందో దానికే తెలీదు. తర్వాత ఆ మెరుపు తగ్గి పట్టుబట్ట మీద ఉండే పాటి నిగనిగ మిగులుతుంది. దూరపు చెట్లు, స్తంభం అంచు, కొట్ల పై భాగం వేయాల్సింది అప్పుడే. అంచులు మెత్తగా కరుగుతాయి కానీ ఆకారం నిలుస్తుంది. ఆ నిగనిగ కూడా పోయాక ఇంక ముట్టుకోకూడదు. ఆరిపోయినట్టే ఉంటుంది, చేతి వెనక వైపు ఆనిస్తే చల్లగా తగులుతుంది. అంటే లోపల ఇంకా తడి ఉందన్నమాట. అప్పుడు నీళ్ళ కుంచె పెట్టావో, ఆ నీరు ఆరుతున్న రంగుని బయటికి నెట్టి కాలీఫ్లవర్ అంచులు తెస్తుంది. నీ ఆకాశంలో కుడి మూలన ఉన్నవి అవే.

ఏప్రిల్, మే నెలల్లో దీనికి పూర్తిగా ఎదురు. వాష్ సగంలో ఉండగానే పైభాగం ఆరిపోతుంది. అప్పుడు నీళ్ళలో ఒక చుక్క గ్లిజరిన్ వేసుకుంటే కాస్త ఆలస్యంగా ఆరుతుంది. ఇప్పుడు మాత్రం దాని జోలికి వెళ్ళకు, రేపటికి కూడా ఆరదు.

వాష్_ప్రియుడు | ఆదివారం, ఉదయం 8:40

అందుకే కాటన్ పేపర్ అన్నాను. ఆ నిగనిగ దశ సెల్యులోజ్ మీద చిటికెలో అయిపోతుంది, కాటన్ మీద తీరిగ్గా పని చేసుకోవచ్చు.

పాత_డ్రాయింగ్_మాస్టారు | ఆదివారం, ఉదయం 9:15

ఆ మాట ఒప్పుకుంటున్నాను వాష్ గారూ. కానీ నేర్చుకునే పిల్ల కాటన్ షీటు ధర చూసి భయపడి వేయడమే తగ్గిస్తుంది. స్కెచ్‌లకి సెల్యులోజ్, అసలు బొమ్మకి కాటన్‌లో పావు షీటు. అలా చేస్తే సరిపోతుంది.

చోడంబలి | ఆదివారం, ఉదయం 9:33

రంగులేటి మరి? పన్నెండు ట్యూబులూ ఒకేసారి పిండేసినట్టున్నారు రవళి గారు. ఆకుపచ్చ గొడుగు, ఊదా గొడుగు, పసుపు ఆటో, నీలం షట్టరు... పండగ చేసేశారు.

నా వరకు ఇలాంటి వీధికి అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా, ఎల్లో ఆకర్ చాలు. దీపాలకి ఒక నారింజ, ఆటోకి ఒక పసుపు, మనసు ఆగకపోతే చీర ఒకదానికి ఎర్ర చుక్క. అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా కలిపితే బూడిద రంగు వస్తుంది. నీలం పాలు పెంచితే వాన మబ్బు, గోధుమ పాలు పెంచితే తడిసిన గోడ. ఆకాశం, రోడ్డు, గోడ మూడూ ఆ రెండు ట్యూబుల్లోంచే వస్తే బొమ్మ దానంతటదే కలిసిపోతుంది. పైగా అల్ట్రామెరీన్ రేణువులు కాగితం గుంటల్లో దిగి చిన్న చిన్న చుక్కలు పడతాయి, ఆ గరుకు తడి తారుకి భలే అతుకుతుంది. డబ్బాలోని నలుపు వాడితే ఆ జీవం ఉండదు.

చివర్లో వేసే చీకట్లు మాత్రం పలచగా వేయకండి. ఆరాక నీటిరంగు ఎలాగూ ఒక మెట్టు లేతబడుతుంది. నా పేరు నిలబెట్టేలా, అంబలి చిక్కదనంలో ఉండాలి రంగు.

తోటపాలెం_రవళి | ఆదివారం, మధ్యాహ్నం 3:05

మాస్టారూ, మూడు ఛాయల స్కెచ్ పెట్టాను చూడండి. నల్ల పట్టీ ఇప్పుడు కలిసింది. కానీ జనం ఎందుకో గాల్లో తేలుతున్నారు, కొందరు మరుగుజ్జులు అయిపోయారు.

పాత_డ్రాయింగ్_మాస్టారు | ఆదివారం, మధ్యాహ్నం 3:48

స్కెచ్ చాలా బాగుంది. మొదటి బొమ్మకీ దీనికీ పోలికే లేదు.

జనం సంగతి తేలిక. నువ్వు నిలబడి ఫోటో తీశావు. నీ కంటి ఎత్తే నీ దిగంత రేఖ. చదునైన రోడ్డు మీద నిలబడిన పెద్దవాళ్ళందరి తలలూ, దగ్గరైనా దూరమైనా, ఇంచుమించు ఆ రేఖ మీదే ఉంటాయి. మారేది పాదాలు. దగ్గరివాడి పాదాలు కాగితం కిందికి వస్తాయి, దూరంవాడివి పైకి జరుగుతాయి. నువ్వు పాదాలన్నీ ఒకే వరసలో పెట్టి తలల్ని పైకీ కిందికీ చేశావు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజున మూడు లాంతర్ల కూడలి దగ్గర జనంలో నిలబడి చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు, కోట దాకా కనిపించేదంతా ఒకే మట్టంలో తలలు. అదే పక్క అరుగు మీద కూర్చుని వేస్తే రేఖ దిగిపోతుంది, దగ్గరివాళ్ళ తలలు ఆ రేఖకి పైకి లేస్తాయి.

మనిషికి కాళ్ళూ చేతులూ చెప్పులూ వేయకు. తల చుక్క, భుజాల దగ్గర వెడల్పు, కిందికి సన్నబడటం, అంతే. తలకీ భుజానికీ మధ్య మెడ గీయకుండా కాస్త ఖాళీ ఒగ్గెయ్, మనిషి కదులుతాడు. పక్కపక్కన నడిచే ఇద్దరిని కలిపేసి ఒకే మరక చెయ్.

కోటగుమ్మం | ఆదివారం, సాయంత్రం 5:20

ఆలస్యంగా వచ్చాను. అందరూ మంచి విషయాలే చెప్పారు గానీ అసలు మాట ఎవరూ అనలేదు: ఆ ఫోటో కట్టిపెట్టి వీధిలోకి వెళ్ళండి రవళి గారూ.

ఇప్పటి ఫోన్లు నీడల్ని వాటంతటవే లేపేస్తాయి, ఆకాశాన్ని తగ్గించేస్తాయి. అన్నీ సమానంగా కనబడాలని వాటి తాపత్రయం. మాస్టారు చెప్పిన నల్ల పట్టీ ఫోన్ ఫోటోలో సగం కరిగిపోయి ఉంటుంది, కొట్టులో బొమ్మకి కట్టిన చీర అంచు కూడా కనిపిస్తుంది. రోడ్డు మీద నిలబడి చూస్తే ఆ చీర ఎవరికి కనిపిస్తుంది? కంటికి కనపడనిది బొమ్మలోకి రావడానికి కారణం ఆ ఫోనే.

తోటపాలెం_రవళి | ఆదివారం, సాయంత్రం 5:34

అన్నయ్యా, గంటస్తంభం దగ్గర సాయంత్రం పూట కాలు పెట్టడానికే చోటుండదు. స్టాండు ఎక్కడ వేస్తాను! పైగా ఆడపిల్ల ఒక్కతే నిలబడి బొమ్మ వేస్తుంటే చుట్టూ మూగిపోతారు. "ఏటి గీస్తన్నావమ్మా, మునిసిపాలిటీ వాళ్ళా?" అని అడిగారు ఒకసారి.

బొబ్బిలి_వీణ | ఆదివారం, సాయంత్రం 5:51

నన్ను సర్వే వాళ్ళనుకున్నారు. ఇంటి పన్ను పెంచుతారా అని అడిగి, కుర్చీ వేసి టీ ఇచ్చారు.

రవళీ, స్టాండు అవసరం లేదు. అరచేతి పుస్తకం, పెన్సిలు పట్టుకుని తెలిసినవాళ్ళ కొట్టు మెట్ల మీద వీపు గోడకి ఆనించి కూర్చో. వెనక నుంచి ఎవరూ తొంగిచూడలేరు. మూడు ఛాయలు మాత్రం అక్కడ పట్టుకో, ఏది వెచ్చగా ఉంది, ఏది చల్లగా ఉంది అని పక్కన మాటల్లో రాసుకో. రంగు ఇంటికొచ్చి వెయ్. గీతకి ఫోటో, వెలుతురుకి ఆ పుస్తకం.

కోటగుమ్మం | ఆదివారం, సాయంత్రం 6:10

అది మధ్యే మార్గం, సరే. మన అక్షాంశంలో సూర్యుడు నిటారుగా దిగిపోతాడు కాబట్టి మునిమాపు వేళ చాలా చిన్నది. దీపాలు వెలిగి ఆకాశంలో ఇంకా వెలుతురుండే సమయం చూస్తుండగానే అయిపోతుంది. దీపాలు వేయకముందే వెళ్ళి కూర్చోండి.

చోడంబలి | ఆదివారం, రాత్రి 8:02

దీపాలన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఇప్పుడు వీధి దీపాలన్నీ తెల్లని ఎల్ఈడీలే కదా. ఆ పసుపు వెలుగు ఎక్కడినుంచి తెస్తాం? అబద్ధం ఆడొచ్చా?

పాత_డ్రాయింగ్_మాస్టారు | ఆదివారం, రాత్రి 8:30

ఆడొచ్చు, దొరక్కుండా ఆడాలి. వీధి దీపాన్ని చల్లగానే ఉంచి, మిఠాయి కొట్టునీ టిఫిన్ బండినీ వెచ్చగా చెయ్. చల్లని బూడిద మధ్య ఒక్కచోట వెచ్చదనం ఉంటే కన్ను నేరుగా అక్కడికే పోతుంది. నాలుగు చోట్ల పెడితే ఎక్కడికీ పోదు.

దీపం వెలగాలంటే మొదటి వాష్‌లోనే ఆ చోట పలచని పసుపు నారింజ వేసి, మధ్యలో కాగితం తెలుపు ఒగ్గేయాలి. చుట్టూ చీకటి తర్వాతి పొరలో వస్తుంది, లోపలి అంచుని తడి కుంచెతో కరిగించాలి. గట్టి అంచు ఉంటే అది దీపం కాదు, పసుపు బిళ్ళ. బండి మీది ఆవిరి కూడా ఇలాంటిదే. వెనక గోడ ముదురు తడిగా ఉండగానే టిష్యూ కాగితం మెలితిప్పి అద్ది తియ్. కింద గిన్నె దగ్గర సన్నగా, పైకి పోయేకొద్దీ వెడల్పుగా. థాలో బ్లూ అనే గాఢమైన నీలం వేసిన గోడ మీద ఈ పని కుదరదు, ఆ రంగు కాగితానికి అంటుకుపోతుంది.

వాష్_ప్రియుడు | ఆదివారం, రాత్రి 8:44

తెల్ల గువాష్‌తో ఒక చుక్క పెడితే పోయేదానికి ఇంత కష్టం ఎందుకు మాస్టారూ? అది కింది రంగుని కప్పేసే చిక్కని రంగే కదా. హెడ్‌లైటు, గొడుగు అంచు, కరెంటు తీగ మీద మెరుపు...

పాత_డ్రాయింగ్_మాస్టారు | ఆదివారం, రాత్రి 8:59

నా చేతిలో ఉన్నంతవరకు వద్దు. కాగితం తెలుపుకి ఉన్న వెలుగు ఆ సుద్ద తెలుపుకి రాదు. బ్లేడు మొనతో గీరి తీసుకో, ఆరాక.

నాగావళిగట్టు | ఆదివారం, రాత్రి 9:07

మాస్టారూ, నీటిరంగుల్లో అంత పేరున్న చిత్రకారులు టర్నర్ వాడాడు, సార్జెంట్ వాడాడు. 1834లోనే విన్సర్ అండ్ న్యూటన్ వాళ్ళు చైనీస్ వైట్ పేరుతో నీటిరంగుల వాళ్ళ కోసం తెలుపు అమ్మడం మొదలుపెట్టారు. వాళ్ళకి లేని పట్టింపు మనకెందుకు?

పాత_డ్రాయింగ్_మాస్టారు | ఆదివారం, రాత్రి 9:15

వాళ్ళకి వచ్చింది కాబట్టి వాడారు. రవళికి ఇంకా తెలుపు ఒగ్గేయడం రాలేదు. అది వచ్చాక గువాష్ వాడినా నేను చూడనట్టే ఉంటాను.

చోడంబలి | ఆదివారం, రాత్రి 9:22

చర్చ పక్కదారి పడితే మన్నించండి. నాది శ్రీకాకుళం, ఏడు రోడ్ల కూడలి. మాకు వాన కంటే చలికాలం పొద్దున్న మంచు బాగుంటుంది. మంచుకి కూడా ఇదే పద్ధతా?

బొబ్బిలి_వీణ | ఆదివారం, రాత్రి 9:50

కాదు. వానలో రోడ్డు మెరుస్తుంది, చీకట్లు చిక్కగా ఉంటాయి. మంచులో ప్రతిబింబం ఉండదు, దగ్గరున్న మనిషిలో తప్ప ఎక్కడా గట్టి చీకటి ఉండదు. వెనక్కి పోయేకొద్దీ ఒక్కో వరస లేతగా అయిపోవాలి. మొత్తం కాగితాన్ని వెచ్చని లేత బూడిదతో తడిపి, అది నిగనిగలాడుతుండగానే వెనక వరస, కాస్త ఆరాక మధ్య వరస, పూర్తిగా ఆరాక ముందున్న పాల సైకిల్. ఆ ఒక్క సైకిల్‌కే గట్టి అంచు. నాగావళి పాత వంతెన మీద వేసి చూడండి, అవతలి ఒడ్డు అసలు గీయక్కర్లేదు.

తోటపాలెం_రవళి | తర్వాతి శనివారం, సాయంత్రం 6:35

బొట్టిక్ పెద్దమ్మ గారి మెట్ల మీద కూర్చుని స్కెచ్ చేసుకున్నాను. ఇంటికొచ్చి పావు షీటు కాటన్ మీద వేశాను. మూడు ట్యూబులు, దీపానికి నారింజ, ఆటోకి పసుపు. స్తంభం ఒకే వాష్. గువాష్ ముట్టుకోలేదు మాస్టారూ, ఒట్టు.

కోటగుమ్మం | శనివారం, సాయంత్రం 6:50

వాన వచ్చింది! స్తంభం పైభాగం మబ్బులో కరిగిపోవడం బాగుంది. కానీ కరెంటు తీగలేవీ? మన వీధి తీగలు లేకుండా ఎలా ఉంటుంది?

వాష్_ప్రియుడు | శనివారం, సాయంత్రం 7:04

తీగలు లేకపోవడమే నయం. సన్న కుంచె చేతికి రాగానే అందరూ ఆకాశాన్ని గీతలతో నింపేస్తారు.

పాత_డ్రాయింగ్_మాస్టారు | శనివారం, రాత్రి 7:40

రెండు వెయ్. పొడుగు వెంట్రుకల రిగ్గర్ కుంచెతో, మణికట్టు కదపకుండా భుజం నుంచి ఒకే లాగు. మధ్యలో తెగినా మళ్ళీ కలపకు. స్తంభం మీదుగా మాత్రం పోనీకు.

రోడ్డు బాగా వచ్చింది. దూరం వెలుతురు, దగ్గర ముదురు, ఆటో ప్రతిబింబం నిటారుగా దిగింది. ఎడమ పక్క గొడుగుల గుంపు గోడ నీడలో కలిసిపోయింది చూడు, ఈ బొమ్మలో నాకు బాగా నచ్చింది అదే. నచ్చనిది ఒకటుంది: కుడి పక్క కొట్టు బోర్డు మీద అక్షరాలు చదవగలుగుతున్నాను. టిఫిన్ బండి చూద్దామని వస్తే కన్ను పోయి ఆ చీరల డిస్కౌంటు దగ్గర ఆగుతోంది. తడి కుంచెతో రుద్ది, టిష్యూతో అద్దెయ్.

తోటపాలెం_రవళి | శనివారం, రాత్రి 8:15

అద్దేశాను. ఆఖరి "ట్" పోవట్లేదు మాస్టారూ.

చోడంబలి | శనివారం, రాత్రి 8:17

దాని ముందు ఒక గొడుగు నిలబెట్టెయ్యండి.